ఒకే మందం, మూడు దారులు: 5052 అల్యూమినియం రోలింగ్, అనీలింగ్ - నా అనుభవం

పని చెప్పుకోవడానికి చిన్నదే. 5052 అనే మెగ్నీషియం కలిసిన అల్యూమినియం ప్లేటు ఒకటి తీసుకుని మూడు వేర్వేరు దారుల్లో (చల్లగా నేరుగా, చల్లగా దిశ తిప్పుతూ, వేడిగా) రోలర్ల మధ్య నలిపి 12 మి.మీ. నుంచి 2.4 మి.మీ.కి తేవాలి. మూడింటినీ ఒకే వేడిలో అనీల్ చేసి (వేడిలో ఉంచి మెత్తబరిచి), ఏది ఎంత త్వరగా రీక్రిస్టలైజ్ అవుతుందో, అంటే నలిగిన లోహంలో కొత్త గ్రెయిన్లు (స్ఫటికపు రేణువులు) పుడతాయో, చివరికి ఎలాంటి గ్రెయిన్లు మిగులుతాయో చూడాలి. 2023 ఆగస్టులో మొదలుపెడితే 2024 ఏప్రిల్‌కి గానీ తేలలేదు. ఆ కాలంలో లోహం చేతిలో ఉన్నది తక్కువ, యంత్రాల ఖాళీ కోసం ఎదురుచూసింది ఎక్కువ. ఎం.టెక్.కో పీహెచ్‌డీకో ఇలాంటిది తలకెత్తుకునేవాళ్ళకి ఎక్కడ ఏం ఆగుతుందో ముందే తెలిస్తే మేలని రాస్తున్నాను. థియరీ పాఠ్యపుస్తకాల్లో కావలసినంత ఉంది, ఆ జోలికి పోను.

మొదట ప్లేటు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో అల్యూమినియం ప్లేటు కిలోల లెక్కన దొరుకుతుంది, కోసి ఇచ్చినందుకు కూలి వేరే. మనక్కావలసింది అరచేతంత ముక్కలే అయినా పెద్ద ముక్కే కొనండి. మూడు దారులకీ దిమ్మలు ఒకే ప్లేటు నుంచి, పక్కపక్క చోట్ల నుంచి రావాలి. నెలల తర్వాత ముక్క చాలక ఇంకో ప్లేటు తెస్తే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ప్లేటు మీద ముద్రించిన హీట్ నంబరు (ఏ పోత లోహమో చెప్పే నంబరు), టెస్ట్ సర్టిఫికెట్‌లోని నంబరు కలిశాయా అని చూసుకుని, కోయకముందే ఆ ముద్రని ఫోన్‌లో ఫోటో తీసుకోవాలి. మనకిచ్చే ముక్క మీద ఆ ముద్ర ఉండదు. రోలింగ్ దిశ ఏదో కూడా అక్కడే గుర్తించాలి: ప్లేటు ముఖం మీద సన్నటి గీతలు ఏ వైపు సాగి ఉంటే అదే.

సర్టిఫికెట్ ఉన్నా, లోహంలో ఏది ఎంత శాతం ఉందో తెలియడానికి బాలానగర్‌లో స్పెక్ట్రో పరీక్ష చేయించాం. 5052 అంటే మెగ్నీషియం 2.2 నుంచి 2.8 శాతం, క్రోమియం 0.15 నుంచి 0.35, ఇనుము 0.40 లోపు, సిలికాన్ 0.25 లోపు. స్పెసిఫికేషన్‌కి ఈ పరిధి చాలు, ఈ పనికి చాలదు. ఇనుము గట్టి కణాలుగా మిగులుతుంది. సుమారు 1 మైక్రాన్ దాటిన కణం చుట్టూ రోలింగ్‌లో లోహం మెలికలు పడి, అనీలింగ్‌లో కొత్త గ్రెయిన్లు అక్కడే పుడతాయి. క్రోమియం సన్నటి కణాలుగా చేరి గ్రెయిన్ సరిహద్దులు కదలకుండా పట్టి ఉంచుతుంది. ఇనుము 0.15 ఉన్న ప్లేటు, 0.35 ఉన్న ప్లేటు రెండూ 5052లే, రీక్రిస్టలైజేషన్‌లో మాత్రం రెండు వేరే లోహాలు. అందుకే థీసిస్‌లో గ్రేడు పేరు రాసి ఊరుకోకుండా అసలు అంకెలు రాయాలి.

ఇంకో సంగతి. కొత్త ప్లేటంటే ఖాళీ పలక కాదు. మాకు వచ్చింది హెచ్32 టెంపర్ (ఎంత, ఎలా గట్టిపరిచారో చెప్పే గుర్తు), 16 మి.మీ. మందం. మిల్లులో హాట్ రోలింగ్ అయ్యి, చల్లగా ఇంకొంత రోల్ అయ్యి, కొద్దిపాటి వేడితో స్టెబిలైజ్ అయిన సరుకు. ముఖానికి దగ్గరి పొర రోలర్ రాపిడికి పక్కకి కోసుకుపోయినట్టు సాగి ఉంటుంది, నడిమి పొర అలా ఉండదు. అనీల్ చేసినా రెండు పొరల టెక్స్చర్ (గ్రెయిన్ల స్ఫటికాలు ఎక్కువగా ఏ దిశకి తిరిగి ఉన్నాయన్నది) ఒకటి కాదు. అందుకని రెండు ముఖాల్నించీ 2 మి.మీ. చొప్పున మిల్లింగ్ చేయించి 12 మి.మీ. దగ్గర మొదలుపెట్టాం. తర్వాత దిమ్మలన్నీ ఒకే ఫర్నేసులో, ఒకే లోడులో, 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు గంటలు. మొదటి గ్రెయిన్ సైజు అన్నిటికీ ఒకటిగా ఉందని చూసుకోకుండా రోలింగ్‌కి పోవద్దు. చిన్న గ్రెయిన్లున్న దిమ్మలో సరిహద్దులు ఎక్కువ, కొత్త గ్రెయిన్లు పుట్టే చోట్లూ ఎక్కువ. ఆ తేడాని తర్వాత రోలింగ్ దారికి అంటగట్టే ప్రమాదం ఉంది.

దిశ గుర్తుకి మార్కర్ పెన్ను పనికిరాదు, అసిటోన్ తగలగానే పోతుంది. ఒక మూల చిన్న గాటు, వెనక చివర పంచ్‌తో ఒక చుక్క. ఏది పై ముఖం, ఏది ముందు చివర అన్నది ఆ రెండిటితో ఎప్పుడైనా చెప్పగలగాలి.

రోలింగ్ మిల్లు సెప్టెంబరులో దొరికింది. రెండు రోలర్ల చిన్న మిల్లు, రోలర్ వ్యాసం 130 మి.మీ. ఇక్కడే ఈ పనిలో అసలు కీలకం ఉంది. చాలా రిపోర్టుల్లో "80 శాతం కోల్డ్ రోలింగ్" అని ఒక్క ముక్కతో సరిపెడతారు. 12 నుంచి 2.4కి తెస్తే నిజ వికృతి (మందాల నిష్పత్తికి సహజ లాగరిథమ్) 1.61, ప్లేన్ స్ట్రెయిన్‌కి (వెడల్పు మారకుండా పొడవే సాగడానికి) సరిచేస్తే 1.86. ఈ అంకె సరైనదే. కానీ ఆ 1.86 ఎన్ని పాసుల్లో (రోలర్ల మధ్య నుంచి ఎన్నిసార్లు పంపితే) వచ్చింది, ఒక్కో పాసులో ఎంత తగ్గించారు అన్నదాన్ని బట్టి రేకు మందంలో వికృతి పంపకం మారిపోతుంది.

లెక్క చూడండి. రోలర్ వ్యాసార్ధాన్ని ఆ పాసులో తగ్గించే మందంతో గుణించి వర్గమూలం తీస్తే రోలర్‌కీ లోహానికీ మధ్య తాకే పొడవు వస్తుంది. దాన్ని సగటు మందంతో భాగించాలి. 12 మి.మీ. దగ్గర భయంభయంగా 0.5 మి.మీ. చొప్పున తగ్గిస్తే ఆ నిష్పత్తి 0.5 కంటే కాస్త తక్కువ. అంటే రోలర్ పైపొరనే పిసుకుతోంది, నడిమి లోహానికి సరిగా అందడం లేదు. అదే 1.2 మి.మీ. తగ్గిస్తే నిష్పత్తి 0.77కి వస్తుంది, మందమంతా దాదాపు ఒకేలా సాగుతుంది. చివర్లో 1.5 నుంచి 1.2కి పోయేవాళ్ళకి అది 3 దాటుతుంది, అక్కడ రాపిడి సమస్య మొదలవుతుంది. మేము ఆపింది 2.4 దగ్గరే కాబట్టి అంత దూరం పోలేదు. చిన్న మిల్లు మోటారు మూలుగుతుంటే ఎవరికైనా చిన్న పాసులే తియ్యాలనిపిస్తుంది. అలా తీసిన రేకుని అనీల్ చేస్తే పైపొర ముందు రీక్రిస్టలైజ్ అయ్యి, నడుమ ఇంకా పాత నిర్మాణమే ఉంటుంది. అంచు కోసి చూస్తే శాండ్‌విచ్‌లా మూడు పొరలు కనిపిస్తాయి.

పాసుకీ పాసుకీ మధ్య వేడి ఇంకో సంగతి. రోలింగ్‌కి ఖర్చైన పనిలో దాదాపు తొంభై శాతం వేడిగా మారుతుంది. 150 మెగాపాస్కల్ ఒత్తిడి దగ్గర 0.3 వికృతి ఇస్తే లెక్క ప్రకారం 15-17 డిగ్రీలు పెరుగుతుంది. ఆపకుండా పాసు మీద పాసు తీస్తే రేకు చేత్తో పట్టుకోలేనంత కాలుతుంది. దానితో కోల్డ్ రోలింగ్ కాస్తా తెలియకుండానే వార్మ్ రోలింగ్ వైపు జరుగుతుంది. ప్రతి పాసు తర్వాత నీళ్ళలో ముంచి, తుడిచి, మైక్రోమీటర్‌తో మూడు చోట్ల కొలిచి, రాసుకుని, అప్పుడు తర్వాతి పాసు. రోలర్ల మధ్య సందు ఎంత పెట్టామో రేకు అంతకి రాదు. రోలర్లని పట్టి ఉంచే స్టాండు సాగి, రేకు కాస్త మందంగానే బయటికొస్తుంది, అందుకే సందుని కాక రేకు మందాన్ని నమ్మాలి. ప్రతి పాసుకీ రేకుని చివర మార్చి పెట్టాం, అలా చేస్తే ఒకే వైపు షియర్ (పొరలు పక్కకి జరగడం) పేరుకోదు. సుమారు 70 శాతం దాటాక అంచుల్లో పగుళ్ళు మొదలయ్యాయి. వాటిని అక్కడికక్కడే కత్తిరించేయాలి, వదిలేస్తే తర్వాతి పాసులో లోపలికి పరిగెడతాయి.

రెండో దారి క్రాస్ రోలింగ్: ప్రతి పాసుకీ చపాతీ తిప్పినట్టు 90 డిగ్రీలు తిప్పడం. ఇక్కడ మిల్లు వెడల్పు ముందే చూసుకోవాలి. 50 మి.మీ. చదరపు దిమ్మ 2.4కి వచ్చేసరికి రెండు వైపులా సుమారు 112 మి.మీ. అవుతుంది. పాసుల సంఖ్య సరిసంఖ్యగా ఉండేలా, రెండు దిశల్లోనూ వికృతి సమానంగా పంచేలా ముందే పట్టిక వేసుకోవాలి. ఆ రేకుకి "రోలింగ్ దిశ" అంటూ ఒకటి ఉండదు కాబట్టి చివరి పాసు దిశనే ఆధారంగా పెట్టుకుని అదే అంతటా వాడాం.

మూడోది 300 డిగ్రీల దగ్గర వార్మ్ రోలింగ్. ఓపిక పరీక్షించింది ఇదే. ఫర్నేసు నుంచి మిల్లు దాకా నాలుగడుగులే. అయినా మందం 4 మి.మీ. లోపు వచ్చాక చల్లటి రోలర్లు తగలగానే వేడి మొత్తం లాగేస్తాయి. రేకు అంచులో సన్నటి రంధ్రం చేసి కె రకం థర్మోకపుల్ దూర్చి చూస్తే, పాసు నుంచి బయటికొచ్చేటప్పటికి వంద డిగ్రీలు పడిపోవడం మామూలే. ఇది చిన్న విషయం కాదు. అల్యూమినియంలో సబ్‌గ్రెయిన్ల (గ్రెయిన్ లోపలి చిన్న గదుల) సైజుని నిర్ణయించేది జెనర్-హాలమన్ పరామితి, అంటే సాగే వేగాన్నీ వేడినీ కలిపి చెప్పే అంకె. యాక్టివేషన్ ఎనర్జీ మోల్‌కి 156 కిలోజౌళ్ళు తీసుకుంటే, 300 నుంచి 250కి పడిపోతే అది ఇరవై రెట్లకు పైగా పెరుగుతుంది. పైగా పాసుకీ పాసుకీ మధ్య రేకు మళ్ళీ ఫర్నేసులోకి పోతుంది. అక్కడున్న ఐదారు నిమిషాల్లో రికవరీ (కొత్త గ్రెయిన్లు పుట్టకుండానే లోహం కొంత మెత్తబడటం) తప్పదు, ఎక్కువసేపు ఉంచితే రీక్రిస్టలైజేషనే మొదలవుతుంది. అందుకని ప్రతి పాసుకీ రేకు లోపలికి పోయేటప్పటి వేడి, బయటికొచ్చేటప్పటి వేడి, ఫర్నేసులో ఉన్న సమయం మూడూ రాసుకున్నాం. థీసిస్‌లో "300 డిగ్రీల వార్మ్ రోలింగ్" అన్న మాట పక్కనే ఆ పట్టిక కూడా పెట్టాల్సి వచ్చింది. చివరి పాసు అవగానే నీళ్ళలో ముంచాలి, క్షణం కూడా ఆగకూడదు.

చాలామందికి తట్టని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మెగ్నీషియం ఉన్న అల్యూమినియం చల్లగా రోల్ చేశాక గది వేడిలోనే నెమ్మదిగా మెత్తబడుతుంది. హెచ్3 టెంపర్లు పుట్టిందే అందుకు, ఆ మెత్తబడటాన్ని ముందే కొద్దిపాటి వేడితో పూర్తి చేయించడానికి. కాలేజీలో ఈబీఎస్‌డీకి (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో గ్రెయిన్ల దిశలు కొలిచే పద్ధతికి) వరుస నెలల తరబడి ఉంటుంది. సెప్టెంబరులో రోల్ చేసిన రేకు అలమారలో పడి ఉంటే ఫిబ్రవరిలో చూసేది సెప్టెంబరు రేకు కాదు, వరుస ఇంకా సాగి హైదరాబాద్ ఎండాకాలం కూడా తగిలిందంటే మరీ. రేకులన్నీ జిప్ కవర్లలో పెట్టి మామూలు ఫ్రీజర్‌లో దాచాం. వీలైతే అనీలింగ్ ట్రయల్స్ అన్నీ రోలింగ్ అయిన వారంలోనే ముగించడం ఇంకా మేలు. ఒకసారి అనీల్ అయ్యి నీళ్ళలో పడ్డ ముక్కకి ఈ బెంగ తక్కువ.

అనీలింగ్ అక్టోబరులో. మఫిల్ ఫర్నేసు వద్దనుకున్నాం. చిన్న ముక్కకైనా గాలిలో 300 డిగ్రీలు చేరడానికి నిమిషాలు పడుతుంది, ఆలోగా రికవరీ తన పని తాను చేసుకుపోతుంది. 3003 లాంటి మాంగనీస్ మిశ్రమంతో పనిచేసేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. నెమ్మదిగా వేడి చేస్తే లోహంలో కరిగి ఉన్న మాంగనీస్ సన్నటి కణాలుగా బయటపడి సరిహద్దుల్ని ఆపేస్తుంది, అప్పుడు గ్రెయిన్లు అట్టుముక్కల్లా పొడుగ్గా, ముతగ్గా వస్తాయి. అదే రేకుని గబుక్కున వేడి చేస్తే సన్నటి గుండ్రటి గ్రెయిన్లు. మేము సాల్ట్ బాత్ (కరిగిన ఉప్పు తొట్టి) వాడాం: సోడియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్ సమానంగా. సుమారు 220 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 2.4 మి.మీ. ముక్క సెకన్లలోనే వేడెక్కుతుంది. ముక్క, పటకారు ఎముకలా పొడిగా ఉండాలి. ఒక్క నీటి చుక్క పడినా ఉప్పు ముఖం మీదికి చిందుతుంది. నూనె, కాగితం, బొగ్గు లాంటివి ఆ ఉప్పు దరిదాపులకి రానివ్వకూడదు.

డిస్‌ప్లే మీద 300 అని ఉన్నా బాత్‌లో నిజంగా ఎంతుందో డమ్మీ ముక్కలో థర్మోకపుల్ పెట్టి చూసుకోవాలి. మా దాంట్లో పైకీ అడుక్కీ మధ్యే తేడా కనబడింది. రీక్రిస్టలైజేషన్ యాక్టివేషన్ ఎనర్జీ మోల్‌కి 200 కిలోజౌళ్ళు అనుకుంటే, 300 డిగ్రీల దగ్గర 10 డిగ్రీల తేడా సమయాన్ని రెండింతలు చేస్తుంది. రోలింగ్ దారి వల్ల వచ్చే తేడా కూడా కొన్నిసార్లు అంతే. అందుకని మూడు దారుల ముక్కల్నీ ఒకే తీగకి కట్టి, ఒకే లోతులో, ఒకేసారి ముంచడం అన్నిటికన్నా సులువైన మందు. సమయాలు రెట్టింపు చొప్పున పెంచుకుంటూ పోవాలి: 10 సెకన్లు, 20, 40, అలా గంటల దాకా. సమాన అంతరాలతో పెడితే అసలు మార్పు జరిగే చోట పాయింట్లు ఉండవు.

తర్వాత కోత, మౌంటింగ్, పాలిష్. వేడి మౌంటింగ్ ప్రెస్ 150-180 డిగ్రీల దగ్గర బేకలైట్‌ని గట్టిపరుస్తుంది. ఆ వేడే కోల్డ్ రోల్ అయిన ముక్కకి ఒక అనీలింగ్. రోల్ చేసి అనీల్ చెయ్యని ముక్కల్ని ఎప్పుడూ చల్లటి రెసిన్‌లోనే పెట్టాలి. కోతకి కూడా వేగం తక్కువ డైమండ్ రంపమో వైర్‌కటో (తీగ నుంచి వచ్చే నిప్పురవ్వలతో కోసే యంత్రం) వాడాలి, వైర్‌కట్ వల్ల కాలిన పొరని తర్వాత అరగదీయాలి. అల్యూమినియం ఎంత మెత్తనంటే ఎమరీ కాగితం గరుకురేణువులే లోపల దిగబడిపోతాయి. కాగితం అరిగిపోకముందే పారేయండి, నీళ్ళు ధారగా పోయాలి, ఒత్తిడి తక్కువ. డైమండ్ 3 మైక్రాన్లు, 1 మైక్రాన్, ఆపైన కొలాయిడల్ సిలికా. సిలికా గుడ్డ మీద నుంచి తీసిన క్షణమే నీళ్ళు పట్టాలి. ఆరిందా, పట్టిన తెల్లటి పొర ఇక ఊడిరాదు, మళ్ళీ 1 మైక్రాన్ దగ్గరికి పోవాల్సిందే.

గట్టిదనం విక్కర్స్ పద్ధతిలో (వజ్రపు మొనతో గుంట పెట్టి దాని కర్ణం కొలవడం) అర కిలో లోడుతో, రోలింగ్ దిశ, మందం రెండూ కనిపించే పక్క కోత మీద చూశాం. అల్యూమినియంలో రెండు గుంటల నడిమి దూరం గుంట కర్ణానికి కనీసం ఆరింతలు, అంచుకి మూడింతలు ఉండాలి. 50 విక్కర్స్ దగ్గర కర్ణం 0.136 మి.మీ., అంటే గుంటకీ గుంటకీ 0.8 మి.మీ. 2.4 మి.మీ. మందంలో నడిమి గీత మీద ఒక్క వరుసే పడుతుంది. పైపొరని విడిగా కొలవాలంటే లోడు తగ్గించుకోవాలి.

నేరుగా రోల్ చేసిన రేకు, క్రాస్ రోల్ చేసిన రేకు రెండూ 95-100 మధ్య వచ్చాయి. గట్టిదనం చూసి ఏది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. వార్మ్ రోల్ చేసింది 80 చుట్టూ. పూర్తిగా అనీలయ్యాక అన్నీ 50కి కాస్త అటూ ఇటూ. మామూలుగా మొదటి గట్టిదనానికీ చివరి గట్టిదనానికీ మధ్య ఎంత వంతు తగ్గిందో చూసి, రీక్రిస్టలైజేషన్ అంత శాతం అయిందని రాసేస్తారు. ఈ మిశ్రమంలో అది కుదరదు. సాల్ట్ బాత్‌లో మొదటి పది ఇరవై సెకన్లలోనే గట్టిదనం స్పష్టంగా పడిపోయింది, మైక్రోస్కోప్‌లో ఒక్క కొత్త గ్రెయిన్ లేదు. అదంతా రికవరీ. గట్టిదనం మీద మాత్రమే ఆధారపడితే రీక్రిస్టలైజేషన్ ముందే మొదలైందని తేలుతుంది, అవ్రామి గీత (కాలంతో రీక్రిస్టలైజేషన్ ఎంత సాగిందో చూపేది) వంకర పోతుంది. సరిచేశాక కూడా ఘాతాంకం పుస్తకంలోని 3, 4 దగ్గరికి రాదు. 1 చుట్టుపక్కలే తిరుగుతుంది. లోహమంతా శక్తి సమానంగా నిల్వ ఉండదు కాబట్టి అలాగే రావాలి. గైడు కనుబొమ్మలు ఎగరేస్తే కంగారు పడనక్కర్లేదు.

గ్రెయిన్లు చూడటానికి బార్కర్ ద్రావణం. 48 శాతం ఫ్లోరోబోరిక్ ఆమ్లం 4-5 మి.లీ., నీళ్ళు 200 మి.లీ., ప్లాస్టిక్ బీకరులో, గాజులో కాదు. ముక్క ఆనోడ్, స్టెయిన్‌లెస్ స్టీలు క్యాథోడ్, 20 వోల్టుల డీసీ, నిమిషం నుంచి రెండు నిమిషాలు. ముక్కకి కరెంటు అందాలి కాబట్టి రెసిన్ వెనక రంధ్రం చేసి స్క్రూ బిగించి తీగ కట్టాలి. తర్వాత పోలరైజ్డ్ వెలుగులో చూస్తే ఒక్కో గ్రెయిన్ ఒక్కో రంగులో విచ్చుకుంటుంది. ఇన్ని నెలల్లో కడుపు నిండినట్టనిపించింది ఆ దృశ్యం ముందే. కానీ పక్కపక్క గ్రెయిన్లకి ఒకే రంగు రావచ్చు. స్టేజి తిప్పుతూ చూడకుండా గీతలేసి లెక్కబెడితే సైజు పెద్దగా తేలుతుంది.

ఈబీఎస్‌డీకి స్లాట్ అడిగింది నవంబరులో, దొరికింది ఫిబ్రవరిలో. మధ్యలో ఎలక్ట్రోపాలిష్ సిద్ధం చేసుకున్నాం: నైట్రిక్ ఆమ్లం ఒక పాలు, మిథనాల్ రెండు పాళ్ళు, మైనస్ 20 డిగ్రీల దగ్గర, 12-15 వోల్టులు. మిథనాల్ దొరకలేదని ఇథనాల్ పోయకూడదు. ఇథనాల్‌లో అంత నైట్రిక్ కలిపితే పేలే పదార్థం తయారవుతుంది. పెర్‌క్లోరిక్ ఇంకా చక్కగా పాలిష్ చేస్తుందన్న మాట నిజమే. దానికి ప్రత్యేకమైన ఫ్యూమ్ హుడ్, తెలిసిన మనిషి పక్కన లేకపోతే ముట్టుకోవద్దు. ఎలక్ట్రోపాలిష్‌కి ఒక లోటుంది: ఇనుము కణాలు ఊడిపోయి గుంటలు మిగులుతాయి. కొత్త గ్రెయిన్ కణం పక్కన పుట్టిందా లేదా చూడాలనుకుంటే ఎలక్ట్రోపాలిష్ మానేసి కొలాయిడల్ సిలికాతో వైబ్రేటరీ పాలిష్ చేయండి.

స్లాట్ గంటల్లో ఇస్తారు, గంటకింతని డబ్బు కడతాం. కాబట్టి వెళ్ళేముందే లెక్క కట్టుకోవాలి. రోల్ అయిన నిర్మాణానికి 0.2 మైక్రాన్ల అడుగు (పాయింటుకీ పాయింటుకీ దూరం) కావాలి. 200 మైక్రాన్ల చదరం అంటే పది లక్షల పాయింట్లు. సెకనుకి వంద పాయింట్ల కెమెరా అయితే రెండున్నర గంటలు దాటుతుంది, ఒక్క మ్యాప్‌కే. పూర్తిగా రీక్రిస్టలైజ్ అయిన ముక్కకి 1 మి.మీ. చదరం 2 మైక్రాన్ల అడుగుతో ముప్పావుగంటలో అయిపోతుంది. సగం సగం అయిన ముక్కలే ఇబ్బంది, వాటికి చిన్న అడుగూ కావాలి, పెద్ద వైశాల్యమూ కావాలి. కార్బన్ టేపు మీద అతికించిన ముక్క 70 డిగ్రీల వాలులో గంటల తరబడి మెల్లగా జారుతుంది, మ్యాప్ సాగిపోతుంది. స్క్రూ క్లాంపు ఉంటే అదే అడగండి.

ఇండెక్సింగ్ శాతం (ఎన్ని పాయింట్లలో దిశ తేలిందన్నది) చూసి మురిసిపోకూడదు. రీక్రిస్టలైజ్ అయిన గ్రెయిన్లు 95 శాతం పైన ఇండెక్స్ అవుతాయి, రోల్ అయిన చోట్లు 60-70 దగ్గరే ఆగిపోతాయి. సాఫ్ట్‌వేర్ క్లీనప్ నొక్కగానే పక్కనున్న మంచి గ్రెయిన్ ఆ ఖాళీల్లోకి పాకుతుంది, రీక్రిస్టలైజ్ అయిన వంతు పెరిగిపోతుంది. గ్రెయిన్ లోపల దిశల వ్యాప్తి 2 డిగ్రీల లోపు ఉంటే రీక్రిస్టలైజ్ అయినట్టు అని లెక్కేశాం. క్లీనప్‌కి ముందూ తర్వాతా రెండు అంకెలూ నోట్‌బుక్‌లో పెట్టాం. దిశల విషయంలో ఒక చిక్కు: మనం స్కాన్ చేసింది పక్క కోత, పోల్ ఫిగర్లు (స్ఫటికాల దిశల పటాలు) కావాల్సింది రేకు ముఖం వైపు నుంచి. డేటాని తిప్పాలి. తిప్పింది సరిగ్గా ఉందో లేదో క్యూబ్ టెక్స్చర్‌ని (స్ఫటికపు ఘనం అంచులు రేకు దిశలతో కలిసే అమరికని) చూసి తేల్చలేం, క్యూబ్‌ని ఏ అక్షం మీద 90 డిగ్రీలు తిప్పినా క్యూబే. రోల్ అయిన ముక్కలో కాపర్, ఎస్ అనే రోలింగ్ టెక్స్చర్ భాగాలు వాటి చోట్లలో ఉన్నాయా అని చూడాలి. అవి కుదిరితేనే మిగతా ముక్కలకీ అదే తిప్పు.

మార్చిలో తేలినవి ఇవి. 300 డిగ్రీల దగ్గర నేరుగా రోల్ చేసిన రేకు, క్రాస్ రోల్ చేసిన రేకు దాదాపు ఒకే సమయంలో రీక్రిస్టలైజ్ అయ్యాయి, గ్రెయిన్లు రెండింట్లోనూ 12-15 మైక్రాన్లు. తేడా అంతా టెక్స్చర్‌లోనే: క్రాస్ రోల్ చేసినదాంట్లో క్యూబ్ బాగా పలచబడింది. రేకుని గిన్నెలా లోతుగా లాగేవాళ్ళకి ఇది డబ్బుతో సమానం. క్యూబ్ బలంగా ఉంటే రోలింగ్ దిశకి 0, 90 డిగ్రీల దగ్గర అంచు చెవుల్లా లేస్తుంది, రోలింగ్ టెక్స్చర్ మిగిలి ఉంటే 45 దగ్గర. లేచినదంతా కత్తిరించి తుక్కులో వెయ్యాలి. వార్మ్ రోల్ చేసిన రేకుది వేరే కథ. సబ్‌గ్రెయిన్లు పెద్దవి, నిల్వ ఉన్న శక్తి తక్కువ. అదే బాత్‌లో, అదే తీగ మీద, కొన్ని రెట్లు ఎక్కువ సమయం తీసుకుంది. గ్రెయిన్లూ ముతగ్గా వచ్చాయి. మూడింటి మందం 2.4, మూడింటి వికృతి 1.86. కొనేవాడి చేతిలో ఉండే కాగితం మీద ఈ రెండు అంకెలే ఉంటాయి.

ఏప్రిల్‌లో చివరిగా ఒక చిన్న పని కలిపాం. పూర్తిగా అనీలైన రేకుల్ని టెన్సైల్ యంత్రంలో 2, 5, 10 శాతం చొప్పున లాగి, మళ్ళీ 400 దగ్గర అనీల్ చేశాం. కొద్దిపాటి వికృతి ఇస్తే కొత్త గ్రెయిన్లు పుట్టే చోట్లు చాలా తక్కువ, పుట్టిన ఒకటీ అరా అడ్డులేకుండా పెరిగిపోతాయి. చిన్న వికృతి ముక్కల్లో కొన్ని గ్రెయిన్లు ఆనోడైజ్ చేశాక కంటికే కనిపించాయి. వంచి చూస్తే ముఖం కమలాతొక్కలా గరుకుగా తేలింది. ఎంత శాతం దగ్గర ఇలా అవుతుందన్నది మిశ్రమాన్నీ, మొదటి గ్రెయిన్ సైజునీ బట్టి మారుతుంది. దీనివల్ల ఒక జాగ్రత్త తప్పనిసరి: అనీలైన రేకు కింద పడి వంగితే చేత్తో తిన్నగా చేసి మళ్ళీ ఫర్నేసులో పెట్టకూడదు. వంపు పడిన చోటే ముతక గ్రెయిన్లు మొలుస్తాయి, ఆ ముక్కని పక్కన పడేసి కొత్తది తీసుకోవాలి.

ఖర్చు సంగతి. ప్లేటుకైంది చాలా తక్కువ. మిల్లింగ్, వైర్‌కట్ కలిపితే ప్లేటు ధరని దాటింది. డైమండ్ పేస్టు, కొలాయిడల్ సిలికా, పాలిషింగ్ గుడ్డలు అనుకున్నదానికంటే ఎక్కువ తిన్నాయి, గుడ్డ ఒక్కో గ్రేడుకి విడిగా ఉండాలి, ఒకదాని మీద ఇంకోటి వాడితే గీతలు పోవు. అన్నిటికన్నా ఎక్కువైంది ఈబీఎస్‌డీ గంటలకి. బయటి సంస్థల విద్యార్థులకి రేటు కొన్నింతలు ఉంటుంది, పైన జీఎస్టీ. అందుకని ప్రతి ముక్కనీ ఈబీఎస్‌డీకి తీసుకుపోనక్కర్లేదు. గట్టిదనం, బార్కర్ ముందు ముగించి, ఒక్కో దారికి రోల్ అయిన ముక్క, సగం రీక్రిస్టలైజ్ అయిన ముక్క, పూర్తయిన ముక్క - ఈ మూడు తీసుకెళ్తే చాలు. నాలుగోదిగా సగం అయిన ముక్కనే ఇంకోటి పాలిష్ చేసి జేబులో పెట్టుకోండి. స్లాట్ రోజున పాలిష్ చెడిపోయేది దానిదే.